డబ్బా ఇంటి మీద చౌడు మన్ను

భయపడటం నాకు పుట్టుకతోనే వచ్చింది. పొయ్యి మీద కుక్కర్ పెడితే పేలుతుందేమోనని వంటింటి గడప అవతల నిలబడేదాన్ని. బస్సెక్కితే ముందు డ్రైవరు మొహం చూసి, కంటినిండా నిద్రపోయాడో లేదో అంచనా వేసేదాన్ని. మా ఆయన నన్ను "ఫికర్ల బేగం" అని వెక్కిరించేవాడు. అలాంటి నన్ను తీసుకెళ్లి ఇనప డబ్బాలో కాపురం పెట్టించాడు మహానుభావుడు. ఓడల మీద సరుకులు మోసే కంటెయినర్ ఉంటుంది చూడండి, అచ్చంగా అదే. ఎందుకు పెట్టించాడో చెప్పాలంటే ముందు మా మామయ్య పోయిన రోజు చెప్పాలి.

అప్పుడు మేం బీదర్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నేను ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు కన్నడ అక్షరాలూ ఎక్కాలూ చెప్పేదాన్ని. బడిలో కన్నడ, బజారులో దక్కనీ, ఇంట్లో తెలుగు. మా ఆయనది వెల్డింగ్ పని. హైదరాబాదులో పొద్దున లేచేసరికి ఒక కొత్త మేడ కనిపిస్తున్న కాలం అది. వారమంతా అక్కడి సైట్లలో నిప్పురవ్వల మధ్య ఉండి, శనివారం సాయంత్రం బస్సు దిగేవాడు. ఆదివారం చర్చికి వెళ్లి, కూర కాస్త కారంగా తిని, మళ్లీ పోయేవాడు.

మామయ్య దవాఖానాలో పోయారు. ఆటోలో ఇంటికి తెచ్చేసరికి గేటుకు తాళం. గేటు అవతల ఇంటి ఓనరమ్మ నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిజంగానే ఏడుస్తోంది. తాళం మాత్రం తీయలేదు.

"నా బిడ్డ పెండ్లి దగ్గరికొచ్చింది టీచరమ్మా. పీనుగ లోపలికొస్తే ఇల్లు ఇడిసిపెట్టాలంటరు. నీ కాళ్లు మొక్కుత, బయటనే కానియ్యిన్రి" అంది.

మా వైపు ఇదేం కొత్త సంగతి కాదు. కిరాయికి ఉన్నవాళ్లు ఆ ఇంట్లో పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు, పండుగలు చేసుకోవచ్చు. చావకూడదు. బయట చచ్చినా శవం గడప తొక్కకూడదు. మేం క్రైస్తవులం, మాకా పట్టింపు లేదు. ఉన్నా లేకపోయినా ఇల్లు వాళ్లది. మామయ్యను రోడ్డు పక్కన బెంచీ మీద పడుకోబెట్టాం. స్నానం అక్కడే, పాత చీరలు అడ్డం కట్టి. గాంధీ గంజ్ మార్కెట్టుకు పోయే లారీలు దుమ్ము లేపుతుంటే మా అత్తమ్మ తన కొంగుతో ఆయన మొహం కప్పి, దుమ్ము తగ్గాక తీసి, మళ్లీ లారీ వస్తే కప్పి, అలా కూర్చుంది. నా గుండె అక్కడే పగిలిపోయింది. ఆ ఓనరమ్మను నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది. కానీ మర్నాటి నుంచి మళ్లీ ఆ ఇంట్లోనే ఉండాలి కదా.

సమాధి కార్యక్రమం అయి ఇంటికొచ్చాక అత్తమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది.

"నన్ను మాత్రం రోడ్డు మీద పండవెట్టకు కొడుకా."

అంతే. అప్పటి నుంచి మా ఇంట్లో ఇంకో మాట లేదు. ఉన్నట్టుండి ఆమెకు దమ్ము ఎక్కువైంది. దమ్ము అంటే మా దగ్గర ఆయాసం. మెట్టెక్కితే దమ్ము, పప్పు పోపు పెడితే దమ్ము. దుమ్ము, పొగ, ఉక్క పడకూడదని దవాఖానాలో చెప్పారు. ఆమె దగ్గినప్పుడల్లా గోడ అవతల ఓనరమ్మ రేడియో తగ్గించేది. కాసేపటికి వచ్చి, "ఎట్లున్నది అత్తమ్మకు? ఔరాద్‌ల మీవోళ్లు ఉన్నరు గద, కొన్ని దినాలు ఆడికి తోల్కపోరాదు?" అనేది. మంచిగానే అడిగేది, ఒక్కోసారి అల్లం టీ కూడా తెచ్చేది. నేను మాత్రం, అత్తమ్మ ఊపిరి ఏ రోజు ఆగుతుందో, మేం ఏ రోడ్డు పక్కన బెంచీ వెతుక్కోవాలో అని బడిలో ఎక్కాలు చెబుతూ తప్పులు చెప్పేదాన్ని.

బగ్దల్ పోయే దారిలో మాకు కాస్త జాగా ఉంది. ఎర్రమట్టి, కింద ఎర్రరాయి, ఒక మూల నాలుగు తుమ్మచెట్లు. కట్టుకుందామంటే ఆ రోజుల్లో అన్నీ హైదరాబాదు దిక్కే పోతున్నాయి. ఇసుక లారీలు అటే, మేస్త్రీలు అటే, చివరికి మట్టి మోసే ఆడవాళ్లు కూడా సంచులు కట్టుకుని అటే. ఎవరినైనా పిలిస్తే "హైదరాబాద్ కాంట్రాక్ట్ అయినంక సూద్దాం" అనేవాళ్లు. పైగా ఆ ఏడు వానల్లేవు. తాగడానికే ట్యాంకరు కోసం బిందెలు వరస పెడుతుంటే గోడలకు నీళ్లెక్కడ పడతాం? అత్తమ్మ ఊపిరి మేస్త్రీ వచ్చేదాకా ఆగుతుందా?

ఒక శనివారం మా ఆయన రాలేదు. సోమవారం పొద్దున పొడుగాటి ట్రైలర్ లారీ మీద, ముందు సీట్లో రాజాలాగా కూర్చుని వచ్చాడు. వెనకాల నీలం రంగు డబ్బా. పక్కన ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, సొట్టలు. హైదరాబాదులో ఒక సైటులో ఆఫీసుగా వాడి, పని అయిపోయాక పాత ఇనుము కింద పడేసినదట. అన్నీ బీదర్ నుంచి హైదరాబాదుకు పోతున్న రోజుల్లో హైదరాబాదు నుంచి బీదర్‌కు వచ్చింది ఇదొక్కటే.

"ఏందయ్యా ఇది?" అన్నాను.

"ఇల్లు."

"దీన్ని ఇల్లంటరా? లారీ మీది సామాను దించకుండ ఇల్లంటున్నవేంది?"

"నువ్వు జర ఇను. పునాది తవ్వుడు లేదు. ఇసుక లేదు, ఇటుక లేదు, నీళ్లు పట్టుడు లేదు. పాడైపోయే ఇనుము, మనం తెచ్చుకోకుంటే ఎవడో కోసి కరగబెడుతుండె. మన జాగల చెట్టు కొట్టేది లేదు, బండ పగలగొట్టేది లేదు. నాలుగు రాళ్ల మీద పెడితే కింది నుంచి వాన నీళ్లు పోతయ్, భూమి భూమి తీరుగనే ఉంటది. రేపు వద్దనుకుంటే ఎత్తుకపోవచ్చు."

"ఎండకాలం?"

ఆయన తల గోక్కున్నాడు. "సూద్దాం తీ."

ఆ "సూద్దాం తీ" విన్నప్పుడే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

క్రేను వచ్చి డబ్బాను నాలుగు ఎర్రరాళ్ల మీద దించింది. చుట్టుపక్కల వాళ్లంతా పనులు మానుకుని చూశారు. కిటికీలకు ఇనుము కోస్తూ ఆయన గడిపిన ఆదివారాలు లెక్కలేదు. చర్చి అయ్యగారిని ప్రతిష్ఠ ప్రార్థనకు పిలిచాం. మా దగ్గర ఇల్లు మొదలుపెట్టేటప్పుడు పునాది రాయి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. అయ్యగారు బైబిలు చంకలో పెట్టుకుని చుట్టూ ఒకసారి తిరిగి, "పునాది రాయి ఏది?" అని అడిగారు. మేం మొహమొహాలు చూసుకున్నాం. చివరికి అత్తమ్మే ఒక మూల రాయి చూపించింది.

"ఈ రాయి మీద చెయ్యి పెట్టున్రి అయ్యగారూ. దీని మీదనే నా మంచం పడ్తది."

అయ్యగారు పంచె మోకాళ్ల మీదికి లాక్కుని, వంగి, డబ్బా కింద ఉన్న ఎర్రరాయి మీద అరచెయ్యి పెట్టి ప్రార్థించారు. అత్తమ్మ ఆమెన్ అని గట్టిగా అంది. ఆమె గొంతు అంత గట్టిగా వినిపించి చాలా కాలమైంది. నేను మాత్రం కళ్లు మూసుకోకుండా, క్రేను పెట్టిన చోట డబ్బా ఒక పక్కకు ఒరిగిందా అని చూస్తున్నాను.

కిరాయి ఇల్లు ఖాళీ చేసి డబ్బాలోకి మారాం. ఎండాకాలం వచ్చింది. సూద్దాం అన్నాడు కదా, చూశాం. పొద్దున తొమ్మిదయ్యేసరికి తలుపు గడియ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. మధ్యాహ్నం లోపల నిలబడితే కళ్లు బైర్లు కమ్మేవి. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే వేడి. అత్తమ్మను బయట మంచం మీద కూర్చోబెట్టి, తుమ్మనీడ ఎటు జరిగితే మంచం అటు జరిపేదాన్ని. ఆమె నోరు తెరిచి గాలి కోసం తండ్లాడుతుంటే పక్కన కూర్చుని విసురుతూనే ఉండేదాన్ని. బడికి సెలవులు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ముసలి ప్రాణాన్ని ఎవరి మీద వదిలి వెళ్లేదాన్ని?

ఆ శనివారం మా ఆయన బస్సు దిగీ దిగగానే పట్టుకున్నాను.

"మీ అమ్మను సొంతింట్ల ఉంచుతనని తెచ్చి పొయ్యిల పెట్టినవ్. కిరాయిదే నయం. పోదాం పా."

ఆయన మొహం చిన్నబోయింది. ఒప్పుకునేలాగే ఉన్నాడు. మంచం మీది నుంచి అత్తమ్మ, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ అంది:

"మిద్దె మీద మన్ను లేకుంటే ఉడకదా మరి? గింత తెల్వదా మీకు? చౌడు తెచ్చి ఎయ్యిన్రి."

చౌడు సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. మా వైపు పాత మట్టి మిద్దెలకు దూలాల మీద కట్టెలు పరిచి, దాని మీద మట్టి, అన్నిటికన్నా పైన చౌడు మన్ను వేస్తారు. తెల్లగా, ఉప్పుగా ఉండే మన్ను. తడిస్తే బిగుసుకుపోయి నీటిచుక్కను కిందికి దిగనివ్వదు. ఎండాకాలం లోపల గుహలా చల్లగా ఉంటుంది. ఏటా వానల ముందు ఇంటింటా ఆడవాళ్లు మిద్దెక్కి కొత్త చౌడు పరిచి తట్టేవాళ్లు. అత్తమ్మ ఔరాద్ దగ్గర పల్లెలో పుట్టింది. చిన్నప్పటి నుంచి పెళ్లయ్యేదాకా ఏటా ఆ పని చేసింది. ఇంకే విషయంలోనైనా ఆమె మాట తోసిపుచ్చవచ్చు, మిద్దె విషయంలో మాత్రం కుదరదు.

"ఇనుము మీద మన్నేందమ్మా?" అని మా ఆయన ఒక్కసారి నసిగాడు.

"ఇనుమైతేంది, కట్టె అయితేంది? ఎండ ఎండనే, మన్ను మన్నే" అంది ఆమె.

ఆయన డబ్బా పైకప్పుకు ఎర్రరంగు దట్టంగా పూసి, దాని మీద హైదరాబాదు నుంచి తెచ్చిన పాత ఫ్లెక్సీలు పరిచాడు. ఎక్కడో ప్లాట్లు అమ్ముతామని, నవ్వుతున్న కుటుంబం బొమ్మ వేసిన ఫ్లెక్సీలు. ఔరాద్ నుంచి ట్రాక్టరు నిండా చౌడు వచ్చింది. ఆయనా నేనూ పైకెక్కి పరిచాం, నీళ్లు చల్లి, చెక్కతో తట్టాం. కింద మంచం మీది నుంచి అత్తమ్మ కర్ర ఊపుతూ ఒకటే కేకలు.

"ఏమే టీచరమ్మా, గట్ల పిల్లల వీపు తట్టినట్టు తడ్తవేంది? కసిగ తట్టు! నా మీద కోపమంత దాని మీద తీర్సుకో!"

నవ్వొచ్చింది. కసిగానే తట్టాను. కింద ఫ్లెక్సీ ఎక్కడెక్కడ చిరిగిందో అప్పుడు మాకు ఎలా తెలుస్తుంది?

మూడోరోజు మన్ను ఆరింది. మధ్యాహ్నం భయంభయంగా లోపలికి అడుగుపెట్టాను. చల్లగా ఉంది. అబద్ధం కాదు, కుండ దగ్గర కూర్చున్నట్టు ఉంది. అత్తమ్మను తెచ్చి తన మూల మంచం మీద పడుకోబెడితే ఆమె పైకి చూసి, ఇనప కప్పు చేత్తో చూపించి, "గిప్పుడు ఇల్లయింది" అంది. ఆ వేసవంతా ఆమెకు దమ్ము మందు పంపు నోట్లో పెట్టి పీల్చుకోవాల్సిన అవసరం తగ్గింది. వచ్చిపోయే వాళ్లందరినీ "రండి, సల్లగుంటది, జరసేపు కూసోండి" అని పిలిచేది. నిండా చెమటలు పట్టి వచ్చే కూరగాయల ఆమె ఇక్కడే అన్నం మూట విప్పుకునేది. ఊళ్లో మమ్మల్ని "డబ్బా ఇంటోళ్లు" అనేవాళ్లు. అత్తమ్మకు ఆ మాట చాలా ఇష్టం. ఇంటోళ్లంటే మా దగ్గర ఇంటి ఓనర్లు కదా, అంతే చాలు ఆమెకు. పాత ఓనరమ్మకు కూడా కబురు పెట్టి రమ్మంది. ఆమె రాలేదు.

నాకు మాత్రం భయం తగ్గిందా? తగ్గితే నేను నేనెందుకవుతాను. ఉరుము ఉరిమితే ఇనుము మీద పిడుగు పడుతుందని భయం. గాలి వీస్తే రాళ్ల మీది నుంచి జారుతుందని భయం. మా ఆయన భూమిలోకి తీగ దించాడు, రాళ్లకు బిగింపులు వేశాడు. ఒక భయం పోతే ఇంకొకటి వచ్చేది. అసలు రావలసిన భయం మాత్రం నాకు తట్టనే లేదు.

రెండో వానాకాలం అది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఒక పొద్దున టీ తీసుకుని అత్తమ్మ మంచం దగ్గరికి వెళ్లాను. గోడ వైపు తిరిగి పడుకుంది. తెల్లటి దిండు గలేబు మీద ముదురు ఎర్రటి మరక, అరచెయ్యంత. పెదవి పక్కన ఇంకో చుక్క. చేతిలో గ్లాసు జారి పగిలింది. రక్తం కక్కుకుని పోయిందనుకున్నాను. పేగుల్లోంచి వచ్చినట్టు ఒక్క అరుపు అరిచాను.

ఆమె ఇటు తిరిగింది. "ఏమైందే? పొద్దుగాలనే గ్లాసులెందుకు పగలగొడ్తున్నవ్?"

ప్రాణం లేచొచ్చింది. పెదవి పక్కన చుక్కను కొంగుతో తుడిచాను. రక్తం జిగట కాదు. ఇసుకలా గరగర. పైకి చూస్తే కప్పు మీద గోధుమరంగు తుప్పు నీటి బొట్టు ఒకటి, పడాలా వద్దా అన్నట్టు వేలాడుతోంది. పక్కన ఇంకొకటి. అప్పుడు గమనించాను, తిన్నగా ఉండాల్సిన కప్పు ఆమె మంచం మీద కొంచెం కిందికి వంగి ఉంది.

కబురందుకుని మా ఆయన వారం మధ్యలోనే వచ్చాడు. పైకెక్కి ఒక మూల మన్ను తొలగించి, స్క్రూ డ్రైవరు గుచ్చాడు. టీలో నానిన బిస్కెట్‌లో దిగినట్టు దిగింది. నేను కింద నిలబడి ఆయన మొహమే చూస్తున్నాను. ఆ మొహంలో రంగు పోయింది.

"అంత తిన్నది అమ్మా. చౌడుల ఉప్పు ఇనుమును తిన్నది" అన్నాడు దిగి.

"చౌడు తింటదా? మా మిద్దెల మీద ఏండ్లకేండ్లు ఉండె, ఎన్నడన్న తిన్నదా?"

"మీ మిద్దెల ఇనుమేడుండెనమ్మా? అంత కట్టెనే గద."

సముద్రం మీద ఎన్ని ఉప్పుగాలులు తిని వచ్చిందో ఆ డబ్బా. అక్కడ ఉప్పు పడినా వానకు కడుక్కుపోయేది, గాలికి డబ్బా ఆరేది. మా మన్ను మాత్రం తడిని పట్టుకుని వదలకుండా కూర్చుంది. చల్లగా ఉంచిందీ అదే, తిన్నదీ అదే. వాన నీళ్లు తాగి ఆ మన్ను ఎంత బరువెక్కిందో తలుచుకున్నాను. మంచాన్ని ఆ క్షణమే ఇంకో మూలకు లాగాను.

మన్నంతా తీసెయ్యాలి, కుళ్లిన ఇనుము కోసి కొత్త రేకు అతకాలి. వెల్డింగ్ పొగలో, దుమ్ములో దమ్ము మనిషి ఎలా ఉంటుంది? బగ్దల్‌లో మా పెద్దత్తమ్మ, అంటే అత్తమ్మ వాళ్ల అక్క, ఇంటికి పంపుదామన్నాం. అత్తమ్మ మంచం కోడు పట్టుకుంది.

"నేను పోను."

"కొన్ని దినాలే అత్తమ్మా."

"ఆ కొన్ని దినాలల్ల నా పానం పోతే? అది అక్క ఇల్లు, నాది కాదు. అక్క ఏమనదు, ఆమె కోడలంటది. మళ్ల ఏ రోడ్డు మీద పండవెడ్తరు నన్ను?"

"దవాఖానల ఉంటవా పోనీ?"

"ఆడ పోతే ఇంటికే తేవాలె గద. కప్పు లేని ఇంటికి తెస్తరా?"

నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. "ఎప్పుడు సూడు సావు మాటనే! మేం బతకాల్నా వద్దా?" అని గట్టిగానే అరిచేశాను. ఆమె నన్ను చూసింది. "నువ్వు భయపడుతున్నవ్ గని, నేను భయపడుత లేనా బిడ్డా?" అంది. మా ఇంట్లో భయం నా ఒక్కదాని సొత్తే అనుకున్నాను ఇన్నాళ్లూ.

చివరికి ఆమే దారి చెప్పింది. "వాకిట్ల ఉంట. వాకిలి మనదే గద."

చర్చికి వచ్చే టెంటు హౌస్ అన్నను అడిగితే షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, వాన వస్తే అడ్డంగా కట్టడానికి ఒక తాడిపత్రి పట్టా కూడా పంపాడు. పొగ రాకుండా గాలికి ఎగువన, డబ్బాకు దూరంగా షామియానా వేశాం. దాని కింద మంచం, పక్కన పంపు, నీళ్లచెంబు. మా ఆయన పైన మన్ను పారతో తోడుతున్నాడు. అత్తమ్మను ఇలా పడుకోబెట్టి, అలా వెనక్కి తిరిగి వంటకు కూర్చున్నాను.

మా దగ్గర, ముహూర్తాలు లేని రోజుల్లో, ఇంటి ముందు హఠాత్తుగా షామియానా వేశారంటే దాని అర్థం ఒక్కటే. ఈ సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు చూడండి. దమ్ముతో ఉన్న ముసలమ్మ ఉన్న ఇంటి ముందు షామియానా, కుర్చీలు. ఇంకేం కావాలి?

ముందు కూరగాయల ఆమె గంప నెత్తి మీదే ఉంచుకుని ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. వెనకాల చర్చి ఆడవాళ్లు, కీర్తనల పుస్తకాలతో. మా బడి హెడ్మాస్టరు స్కూటరు దిగి చెప్పులు విప్పాడు. అత్తమ్మ అప్పుడే లేచి కూర్చుని, టీలో రొట్టె ముంచుకుని తింటోంది. ఏడుపులన్నీ గొంతుల్లోనే ఆగిపోయాయి. నేను పొయ్యి దగ్గరి నుంచి గరిటెతో వచ్చి నోరు వెళ్లబెట్టాను.

"ఏమైందే అందరికి? ఎవలు పోయిన్రు?" అంది అత్తమ్మ.

కూరగాయల ఆమె ముందు నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు పాకి, చర్చి ఆడవాళ్లు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. పైన మా ఆయన పార పక్కన పెట్టి నవ్వాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఇది రిహార్సల్ అనిపించింది, అసలుది ఎప్పుడో అనిపించింది.

అందరికన్నా చివర ఆటో దిగింది పాత ఓనరమ్మ. చేతిలో పెద్ద బంతిపూల దండ. షామియానా కిందికి వచ్చి, అత్తమ్మను చూసి, అక్కడే కొయ్యబారిపోయింది. దండను వెనక దాచుకోవాలని చూసింది. అంత పెద్ద దండ ఎక్కడ దాగుతుంది?

"రా బిడ్డా" అంది అత్తమ్మ. "ఎన్ని కబుర్లు పెట్టిన? ఇయ్యాల్నన్న వచ్చినవ్."

ఓనరమ్మ ఏడ్చేసింది. "గా దినం తాళం తియ్యకపోతిని. నాకు నిద్ర పడ్తలేదక్కా. నీకన్న దండ ఏద్దామని..."

"నాకు తర్వాత ఏద్దువు. గది తీస్కపోయి తలుపుకెయ్యి. ఇంటికి ఎవ్వలు దండ ఎయ్యలే."

ఓనరమ్మ వెళ్లి దండను డబ్బా తలుపు గడియకు కట్టింది. ఆ రోజు వచ్చినవాళ్లెవరూ ఊరికే పోలేదు. ఏడవడానికి వచ్చినవాళ్లు కొంగులు నడుముకు చుట్టి తట్టలు అందుకున్నారు. సాయంత్రానికల్లా చౌడంతా కిందికి దిగింది. మా జాగాలో పోస్తే ఏ మొక్కా మొలవదని అత్తమ్మే చెప్పి, దాన్ని ఊరి చివర మట్టి మిద్దెలో ఉంటున్న ఒక ముసలామెకు పంపించింది. "కట్టె మీద ఏసుకోమను. కట్టెకు మంచిది" అంది.

మా ఆయన కోసి, అతికి, మళ్లీ ఎర్రరంగు పూసి, ఈసారి డబ్బాకు పైన మూరెడు ఎత్తులో ఇంకో కప్పు కట్టాడు. పాత రేకులు, వాటి మీద కంది కట్టె. రెండు కప్పుల మధ్య గాలి ఆడుతుంది. పక్కన సొరతీగ నాటాం, అది ఆ కంది కట్టె మీదికి పాకి పొడుగాటి కాయలు దించింది. చౌడంత చల్లగా లేదు, కానీ దమ్ము మనిషి బతకగలిగినంత చల్లగా ఉంది. అత్తమ్మ ఆ తర్వాత ఇంకో వేసవి చూసింది. మొదటి సొరకాయ ఓనరమ్మకు పంపింది.

నేను మాత్రం రోజూ పొద్దున టీ ఇచ్చే ముందు పైకి చూసేదాన్ని, బొట్టు ఉందా అని. తర్వాత కిందికి చూసేదాన్ని, ఆమె రొమ్ము ఎగుస్తోందా అని. ఆ రెండూ చూడకుండా నాకు పూట గడిచేది కాదు.

చలికాలంలో ఒక పొద్దున కప్పు పొడిగా ఉంది. కింద రొమ్ము ఎగసిపడటం లేదు. టీ గ్లాసు ఈసారి జారలేదు. దాన్ని కింద పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇన్నేళ్లూ దేనికి భయపడ్డానో అది జరిగిపోయింది, భయపడటానికి ఇంక ఏమీ మిగల్లేదు. ఏడుపు తర్వాత వచ్చింది. వచ్చాక ఆగలేదు.

షామియానా మళ్లీ వేశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమెను లోపలే ఉంచాం, తన మూలలో, అయ్యగారు చెయ్యి పెట్టిన రాయి మీద. గోరువెచ్చని నీళ్లతో లోపలే స్నానం చేయించాం, తలుపు వేసుకుని, తొందర లేకుండా. దుమ్ము లేదు, లారీ లేదు. ఓనరమ్మ దండ తెచ్చింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి వచ్చి, ఈసారి ఆమె మెడలోనే వేసింది.

మా బడికి ఆ ఏడే కొత్తగా వచ్చిన టీచరు ఒకామె నా పక్కన కూర్చుంది. ఆమెకు మా సంగతులేవీ తెలియవు. నా భుజం నిమురుతూ, లోపల మంచం వైపు చూసి, బయట వాకిట్లో నిలబడ్డ జనం వైపు చూసి, నా చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించి అడిగింది.

"లోపల్నే పెట్టిన్రు గదా అక్కా. ఇంటోళ్లు ఏమంటలేరా?"

"మేమే ఇంటోళ్లం" అన్నాను.